గోదావరి మీద తెడ్డు వేసేవారికి తుపాకీ అవసరమా?

కయాక్‌లోనో పుట్టిలోనో గోదావరి మీద రెండు మూడు రోజులు ప్రయాణించి, రాత్రిళ్లు ఇసుక తిన్నెల మీద బస చేయాలనుకునే యువకులు ఈ మధ్య వరంగల్, హనుమకొండల్లో కనిపిస్తున్నారు. వారు నన్ను అడిగే మొదటి ప్రశ్న తరచుగా జంతువుల గురించే ఉంటుంది. తన మేనమామ దగ్గర లైసెన్సుతో ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీని వెంట తెచ్చుకోవచ్చా అని ఒకరు అడిగారు. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు కాబట్టి అదైనా ఉంటే ధైర్యంగా ఉంటుందని మరొకరు అన్నారు. అలాస్కాలోనో కెనడాలోనో నదీయాత్రలు చేసేవారు పడవలో రైఫిల్ పెట్టుకొని వెళ్లే దృశ్యాలు చూసినప్పుడు ఇలాంటి ఆలోచన రావడం సహజమే. చీకట్లో, జనం లేని ఒడ్డున, గుడారం పక్కన ఆకుల చప్పుడు విన్నవారికి ఆ భయం ఎంత నిజమో తెలుసు కనుక నేను దాన్ని కొట్టిపారేయను. అయినా నా సమాధానం ఒక్కటే. మన నదుల మీద, మన కాకతీయుల చెరువుల మీద, వాటిని ఆనుకొని ఉన్న అడవుల్లో తుపాకీతో తిరగకూడదు. చట్టం అందుకు ఒప్పుకోదు. అంతకంటే ముఖ్యంగా, ఇక్కడ మన ప్రాణాలు తీసే ప్రమాదాల్లో దాదాపు దేనికీ అది విరుగుడు కాదు. ఈ మాట ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా, తుపాకీ అవసరమైన చోట్లు ప్రపంచంలో ఉన్నాయని ఒప్పుకోవాలి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊరి పొలిమేర దాటేవారి దగ్గర ధ్రువపు ఎలుగును బెదిరించి తరిమే సాధనం ఉండి తీరాలన్న నియమం ఉంది. దానితో పాటు తుపాకీ కూడా ఉంచుకోమని అక్కడి పాలనా యంత్రాంగం సలహా ఇస్తుంది. ధ్రువపు ఎలుగు మనిషిని ఆహారంగా చూసి వెంటాడే అవకాశం ఉన్న జంతువు. అక్కడ ఎక్కడానికి చెట్టు ఉండదు, పరుగెత్తి చేరడానికి ఊరు ఉండదు. అలాస్కాలో గోధుమ రంగు ఎలుగులు సాల్మన్ చేపల కోసం దిగే నదుల్లోనే పడవలు నడుస్తాయి. అక్కడ ఆత్మరక్షణ కోసం ఎలుగును చంపడాన్ని చట్టం అనుమతిస్తుంది. అయితే చంపినవారు దాని చర్మాన్ని, పుర్రెను రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించి జరిగిందంతా రాసి ఇవ్వాలి. తిండి పదార్థాలను, చెత్తను నిర్లక్ష్యంగా వదిలేసి ఎలుగును తామే రప్పించుకున్నవారికి ఈ మినహాయింపు వర్తించదు. తుపాకీని అంత విరివిగా అనుమతించే రాష్ట్రంలోనే చట్టం మొదట చూసేది శిబిరం ఎలా నడుపుకొన్నారనే విషయాన్ని. మన కుర్రవాళ్లు చూసే వీడియోల్లో ఈ భాగం కనిపించదు.

ఆ చోట్లలో కూడా తుపాకీ ఎంతవరకు కాపాడుతుందన్నది పరిశోధకులు లెక్కగట్టి చూశారు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు 1883 నుంచి 2009 వరకు అలాస్కాలో ఎలుగుబంట్లకు, తుపాకీ ఉన్న మనుషులకు మధ్య జరిగిన 269 ఘటనలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. చేతిలో తుపాకీ ఉండి కాల్చినవారికీ, ఉన్నా కాల్చనివారికీ మధ్య గాయపడే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. తుపాకీ అక్కరకు రాకపోవడానికి వారు చూపిన కారణాల్లో తీసి గురిపెట్టే సమయం లేకపోవడం, జంతువు మరీ దగ్గరికి వచ్చేయడం, గురి తప్పడం, తుపాకీ పేలకపోవడం ఉన్నాయి. అదే బృందం 2008లో ఎలుగుల కోసం తయారుచేసిన మిరప స్ప్రే గురించి చేసిన అధ్యయనంలో, గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం సందర్భాల్లో ఆ స్ప్రే వాటి దూకుడును ఆపగలిగిందని, దాన్ని వాడినవారిలో 98 శాతం మందికి గాయాలు కాలేదని తేలింది. 2011 ఆగస్టులో స్వాల్‌బార్డ్‌లో ఒక బ్రిటిష్ విద్యార్థి బృందం గుడారాల మీద ధ్రువపు ఎలుగు దాడి చేసి 17 ఏళ్ల విద్యార్థిని చంపింది, మరో నలుగురిని గాయపరిచింది. శిబిరం చుట్టూ కట్టిన, జంతువు తగిలితే పేలి మేల్కొలపాల్సిన హెచ్చరిక తీగ పేలలేదు. రైఫిల్ మొదటి ప్రయత్నాల్లో పేలలేదు. చివరికి ఆ ఎలుగును కాల్చింది ఆ రైఫిల్‌తోనే, కానీ అప్పటికే ఒక ప్రాణం పోయింది. దీన్నిబట్టి అక్కడ తుపాకీ వద్దని నేను అనడం లేదు. నిద్రలేచిన మనిషి, వణికే చేతులు, దగ్గరికి వచ్చేసిన జంతువు కలిసినప్పుడు ఆయుధం మీద మనం పెట్టుకున్న నమ్మకం ఎంత పలచనిదో గమనించమంటున్నాను.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. వరంగల్, ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవుల్లో మనిషిని ఎక్కువగా గాయపరిచే పెద్ద జంతువు ఏదని పల్లెల్లో అడిగితే పులి పేరు చెప్పరు, గుడ్డెలుగు పేరు చెబుతారు. మన ఎలుగుబంటికి చూపు మందం, వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. పుట్టలు తవ్వి చెదపురుగులను పీల్చుకొని తినేటప్పుడు అది చేసే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది, ఆ సమయంలో దానికి మాత్రం చుట్టుపక్కల అలికిడి పట్టదు. మనం గాలికి ఎదురుగా, నిశ్శబ్దంగా నడిచి దాని దగ్గరికి వెళ్లిపోతే అది ఉలిక్కిపడుతుంది. పులి తిరిగే అడవిలో బతకడం నేర్చిన జంతువు కనుక ఉలిక్కిపడితే పారిపోవడం కంటే మీదపడడమే దాని అలవాటు. ముంగాళ్ల గోళ్లు ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. అది ముఖాన్ని, తలను చీరేస్తుంది కనుకే ఎలుగు దాడి నుంచి బతికి బయటపడినవారి గాయాలు అంత ఘోరంగా కనిపిస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే చెట్ల కిందికి తెల్లవారకముందే మనుషులూ వస్తారు, ఎలుగులూ వస్తాయి. ఆ తరువాత తునికాకు సేకరణ మొదలవుతుంది. ఎండలు ముదిరి వాగులు ఎండిపోయాక అవి నీటి కోసం చెరువు ఒడ్డుకూ నది ఒడ్డుకూ దిగుతాయి, సరిగ్గా మనం గుడారం వేసుకునే చోటికే.

ఇలాంటి జంతువు ముందు తుపాకీ ఎందుకు పనికిరాదో ఆలోచించండి. మన ఎలుగు మనల్ని దూరం నుంచి గుర్తించి వెంటాడుతూ రాదు. పొద చాటు నుంచి, బండరాళ్ల మధ్య నుంచి, పది అడుగుల దూరంలో ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ క్షణంలో సంచిలో ఉన్న తుపాకీ ఉన్నా లేనట్టే. గాయపడిన ఎలుగు మరింత మూర్ఖంగా తిరగబడుతుందన్న సంగతి అడవి పల్లెల్లో అందరికీ తెలుసు. దీనికి విరుగుడు ఆ క్షణానికి ముందే ఉంది. ఒడ్డు దిగి పొదల్లోకి వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో చెట్టునో బండనో తడుతూ నడవాలి. తవ్విన పుట్టలు, ఇప్పచెట్లు, గుట్టల నెర్రెలు ఉన్న చోట బస చేయకూడదు. చీకట్లో, తెల్లవారుజామున ఒంటరిగా ఒడ్డు మీద తిరగకూడదు. పిల్లలను వీపు మీద మోసుకుంటూ తిరిగే తల్లి ఎలుగు కనబడితే ఫొటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. దాడి తప్పనిదైతే బోర్లా పడుకొని, చేతులతో మెడనూ తలనూ కాపాడుకోవడమే మిగిలిన మార్గం.

పులి గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది, ఏనుగు గురించి మాత్రం కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌కు, ఆసిఫాబాద్ అడవులకు మహారాష్ట్ర వైపు నుంచి పులులు నదులు ఈది వస్తూ ఉంటాయి. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరిని, 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో పనిచేస్తున్న ఒక మహిళను పులి చంపింది. ఆ కుటుంబాల బాధ చిన్నది కాదు. అయినా నీటి మీద గుంపుగా వెళ్లేవారి జోలికి పులి రావడం చాలా అరుదు. 2024 ఏప్రిల్ తొలి వారంలో ఒక ఒంటరి మగ ఏనుగు ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చి, ఒక్క రోజు వ్యవధిలో ఇద్దరు రైతులను చంపింది. తరతరాలుగా ఏనుగును చూడని ఊళ్లవి. దేశం మొత్తం మీద ఏనుగుల వల్ల ఏటా సుమారు 500 మంది చనిపోతుంటారు. పక్షుల వేటకు ఉద్దేశించిన గుళ్లతో డబుల్ బ్యారెల్ తుపాకీ పేల్చితే అలాంటి ఏనుగు ఆగదు, రెచ్చిపోతుంది. ఏనుగు తిరుగుతున్నట్టు వార్త వచ్చిన రోజుల్లో ఆ ఒడ్డుకు వెళ్లకపోవడం ఒక్కటే సరైన జాగ్రత్త.

పడవ నడిపేవారికి అసలు పొరుగు జంతువు మొసలి. మన నదుల్లో ఉండేది మంచినీటి మొసలి. మంథని, మంచిర్యాల మధ్య గోదావరి ఒడ్డున ఉన్న శివారం అభయారణ్యం ప్రత్యేకంగా వీటి కోసమే 1978లో ఏర్పడింది. మంజీరలోనూ, పాకాల సరస్సులోనూ ఇవి ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఆడ మొసలి ఇసుక ఒడ్డులో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది, అవి పిల్లలయ్యే వరకు ఆ చుట్టుపక్కలే కాపలా ఉంటుంది. మనకు గుడారానికి నచ్చే ఇసుక తిన్నె, దానికి గూడుకు నచ్చే ఇసుక తిన్నె ఒకటే కావడం ఇక్కడి చిక్కు. ఇసుక మీద పొట్ట ఈడ్చిన జాడ, దానికి రెండు వైపులా కాళ్ల గుర్తులు, నీటిలోకి జారిన నున్నని దారి కనబడితే ఆ తిన్నె మనది కాదు. ఎంత అలసిపోయి ఉన్నా తెడ్డు వేసి ముందుకు వెళ్లాల్సిందే. అంచున కూర్చొని గిన్నెలు తోమడం, చేపలు కోసి పేగులు నీటిలో వేయడం, పొద్దుగూకాక నీళ్లలో దిగి స్నానం చేయడం, పడవలోంచి చేయి నీటిలో వేలాడదీయడం మానుకోవాలి. నీరు కావాలంటే ఒడ్డు నిటారుగా లేని, నీరు తేటగా కనిపించే చోట, పొడవైన తాడు కట్టిన బకెట్‌తో తోడుకోవచ్చు.

మొసలి విషయంలో ఆయుధం గురించి మాట్లాడేవారికి నేను ఒక సంఘటన గుర్తుచేస్తుంటాను. 2010 డిసెంబరులో కాంగోలోని లుకుగా నది మీద దక్షిణాఫ్రికాకు చెందిన హెండ్రిక్ కోట్జీ అనే అనుభవజ్ఞుడైన కయాకర్‌ను వెనుక నుంచి వచ్చిన మొసలి పడవలోంచి లాక్కుపోయింది. ఆఫ్రికా నదులను ఆయనంత ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు. పక్కనే ఇద్దరు నిపుణులైన సహచరులు తమ కయాక్‌లలో ఉన్నారు, వారికి చేయగలిగింది ఏమీ లేకపోయింది. అక్కడిది నైలు మొసలి, మనదాని కంటే పెద్దది, దూకుడు ఎక్కువ. కానీ పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. మొసలి తాను వస్తున్నట్టు తెలియనివ్వదు. కయాక్ మీద కూర్చున్న మనిషి రెండు చేతులతో తెడ్డు పట్టుకొని ఉంటాడు. తుపాకీ తడవకుండా సంచిలో కట్టేసి ఉంటుంది. దాన్ని తీయగలిగినా, నీటి మట్టానికి ఒక అడుగు ఎత్తులో ఊగుతున్న పడవ మీద నుంచి కాల్చితే, ఆ వెనకతాపుకు పడవే తిరగబడే ప్రమాదం ఉంది. పక్క పడవలో ఉన్న స్నేహితుడి సంగతి ఇక చెప్పనక్కరలేదు.

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. మేనమామ తుపాకీ మేనల్లుడి చేతికి రాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఆ వ్యక్తికే పరిమితం. తీర్థయాత్రకో విహారయాత్రకో వెళుతున్నామని దాన్ని మరొకరికి అప్పగించడం కుదరదు. అసలు చిక్కు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది. అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ ముందస్తు లిఖిత అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదని 31వ సెక్షన్ చెబుతుంది. ఆయుధం అంటే ఏమిటో 2వ సెక్షన్ నిర్వచించింది. తుపాకులు, తూటాలు, పేలుడు పదార్థాలే కాకుండా విల్లు బాణాలు, కత్తులు, గాలాలు, వలలు, ఉచ్చులు కూడా అందులో ఉన్నాయి. కూరగాయల కత్తి, చేపల గాలం కూడా అడిగి తీసుకెళ్లాల్సిన చోటికి ఎయిర్ గన్‌తో వెళ్లి, దీనికి లైసెన్సు అక్కరలేదని వాదిస్తే ఎవరూ వినరు. ఏనుగులను, పందులను తరమడానికి పొలాల్లో పేల్చే టపాకాయలు కూడా ఇక్కడ నిషిద్ధమే. మనకు నచ్చే నదీ భాగాలను మ్యాప్ మీద పెట్టి చూడండి. ఏటూరునాగారం, ప్రాణహిత, శివారం, పాకాల అన్నీ అభయారణ్యాలే. గోదావరి మీద అందమైన మలుపు ఎక్కడ ఉందో దాదాపు అక్కడే ఈ సెక్షన్ కూడా ఉంది.

ప్రాణం మీదికి వస్తే కాల్చే హక్కు లేదా అన్న ప్రశ్న వస్తుంది. ఉంది. తనను గానీ మరొకరిని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో అడవి జంతువును చంపడం, గాయపరచడం నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షన్ చెబుతుంది. కానీ దాని కిందనే ఒక షరతు ఉంది. ఆ అవసరం వచ్చిన సమయంలో ఈ చట్టాన్ని ఉల్లంఘించే పని ఏదైనా చేస్తున్నవారికి ఈ రక్షణ వర్తించదు. అంటే అనుమతి లేకుండా తుపాకీతో అభయారణ్యంలోకి వెళ్లిన మనిషి, నిజంగా ప్రాణం కాపాడుకోవడానికే కాల్చినా, ఆ వెసులుబాటును తాను అడుగుపెట్టిన క్షణంలోనే పోగొట్టుకున్నాడు. అలాస్కా చట్టంలోని షరతును, మన చట్టంలోని ఈ షరతును పక్కపక్కన పెట్టి చదివితే రెండింటి ఆలోచన ఒకటేనని నాకు అనిపిస్తుంది. ఎలుగుబంటి, పులి, మొసలి మూడూ ఈ చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోని జంతువులే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తరువాత వాటిని చంపిన నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి.

చట్టం పుస్తకంలో లేని కారణం ఇంకొకటి ఉంది, మన ప్రాంతంలో పెరిగినవారికి అది వేరే చెప్పనక్కరలేదు. పాకాల అడవి ఒకప్పుడు నిజాం కాలపు దొరల వేట మైదానం. ఆ తరువాత దశాబ్దాల పాటు ఏటూరునాగారం నుంచి మహదేవపూర్ వరకు ఉన్న అడవిలో తుపాకీ పట్టుకొని తిరిగినవారు అయితే పోలీసులు, కాకపోతే నక్సలైట్లు. కాల్పుల చప్పుడు వినబడితే తలుపులు వేసుకున్న ఇళ్లు ఆ ఊళ్లలో ఉన్నాయి. ఇద్దరి అనుమానానికీ గురై నలిగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఒక పెద్దాయనను ఈ విషయం గురించి అడిగినప్పుడు ఆయన అన్న మాట నాకు ఎంతో నచ్చింది. “తుపాకి జూసి గుడ్డెలుగు పారిపోదు సారూ, మా ఊరోళ్లు పారిపోతరు. గండం వస్తె నీకు కావాల్సింది ఆళ్లే గదా?” పడవ పగిలినా, పాము కరిచినా, దారి తప్పినా మనం మొదట చేరేది ఆ ఊరికే. అక్కడివారు మనల్ని చూసి భయపడే స్థితి తెచ్చుకోవడం కంటే పెద్ద ప్రమాదం ఉంటుందని నేను అనుకోను.

ఇక, నిజంగా ప్రాణాలు తీసేవి ఏమిటో చూద్దాం. అన్నిటికంటే ముందు నీరు. మన దేశంలో ఏటా 30,000 మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. ఈత వచ్చినవారు కూడా అందులో ఉంటారు, ఎందుకంటే ఇసుక తవ్విన గుంతల్లో, బ్యారేజీ దిగువ సుడుల్లో ఈత అక్కరకు రాదు. పైన గేట్లు ఎత్తితే కింద ఇసుక తిన్నె మీద నిద్రపోతున్నవారికి ఆ కబురు చెప్పేవారు ఉండరు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ రాత్రే మోరంచవాగు మోరంచపల్లిని ముంచేస్తే జనం ఇళ్ల కప్పుల మీద నిలబడి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. ఆ రోజుల్లోనే ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్లినవారు పదుల సంఖ్యలో వాగు అవతల చిక్కుకుపోతే రాత్రంతా కష్టపడి బయటికి తేవాల్సి వచ్చింది. అందువల్ల జూన్ నుంచి అక్టోబరు వరకు గోదావరి మీద గానీ దాని వాగుల మీద గానీ బస చేసే ప్రయాణానికి నేను ఎవరినీ ప్రోత్సహించను. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు గంటల్లో నేలకూలాయి. గుడారం పైన ఎండు కొమ్మ ఉందా లేదా అని తలెత్తి చూసే అలవాటు లేనివారు ఆ చెట్లను ఒకసారి చూసి వస్తే మంచిది.

పాము గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 2020లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000. పులి, ఏనుగు, ఎలుగు, మొసలి అన్నీ కలిసినా ఈ సంఖ్యకు దరిదాపుల్లోకి రావు. నాగుపాము, రక్తపింజర, ఇసుక పింజర, కట్లపాము నాలుగూ మన దగ్గర ఉన్నాయి. వీటిలో నేల మీద పడుకునేవారు ఎక్కువగా భయపడాల్సింది కట్లపాముకు. అది రాత్రిపూట తిరుగుతుంది, వెచ్చదనం కోసం పక్కలోకి వస్తుంది, కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు, గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం మొదలైతే తిన్నది పడలేదని అనుకొని విలువైన గంటలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. జిప్పు పూర్తిగా మూసే గుడారం, లేదా అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర ఈ ఒక్క పాము నుంచి ఎన్నో ప్రాణాలు కాపాడగలదు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకూడదు. కరిచిన కాలునో చేతినో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. నా ఉద్దేశంలో బస చేసే చోటును ఎంచుకోవడానికి అన్నిటికంటే పెద్ద కొలత ఇదే. ఇక్కడి నుంచి 108 వాహనం రాగలిగే రోడ్డు ఎంత దూరం, రాత్రి పడవలో అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? గంట దాటుతుందంటే ఎంత అందమైన తిన్నె అయినా వదిలేయాలి.

ఏరుమద్ది చెట్ల కొమ్మలకు, బ్యారేజీ గోడలకు వేలాడే పెద్ద తేనెతుట్టెల కింద పొయ్యి వెలిగించకండి. పొగకు లేచిన తేనెటీగలు నీటిలో మునిగినవారు పైకి తేలేదాకా అక్కడే తిరుగుతాయి. ఇంకొకటి, మనుషులు పెట్టిన ప్రమాదం. అడవి పందుల కోసం పొలాల అంచున, అడవి దారుల్లో వేటగాళ్లు లాగే కరెంటు తీగలు ఎన్నో ప్రాణాలు తీశాయి. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు వెళ్లిన ఒక గ్రేహౌండ్స్ కమాండో అలాంటి తీగ తగిలి చనిపోయాడు. ఆయుధం చేతిలో ఉన్న, అడవిలో తర్ఫీదు పొందిన మనిషి ఆయన. చీకటి పడ్డాక ఒడ్డు దాటి పొలాల్లోకి, పొదల్లోకి వెళ్లవద్దని నేను పట్టుబట్టడానికి ఎలుగు ఎంత కారణమో ఆ తీగ అంతకంటే ఎక్కువ కారణం.

తుపాకీ కోసం ఆలోచించే డబ్బుతో ఏం కొనాలని అడిగితే నేను మొదట ఒంటికి సరిగ్గా పట్టే లైఫ్ జాకెట్ చెబుతాను, దాన్ని ఎండ వేళ కూడా విప్పకూడదు. దాని భుజానికి కట్టిన ఈల మునిగేవారికీ, ఎలుగు కనబడినవారికీ ఇద్దరికీ పనికొస్తుంది. విసిరే తాడు, నీటిలో పడినా వెలిగే టార్చి, మడమల పైదాకా ఉండే బూట్లు, పొడవైన వెదురు కర్ర, మూత గట్టిగా పడే డబ్బాలు అవసరం. తిండి పదార్థాలన్నీ ఆ డబ్బాల్లో పెట్టి, గుడారానికి దూరంగా, కొమ్మకు వేలాడదీయాలి. అంగళ్లలో దొరికే చిన్న పెప్పర్ స్ప్రే మీద ఆశ పెట్టుకోకండి. అది మనుషుల కోసం తయారైనది, రెండు మూడు గజాలకు మించి పోదు, నది గాలికి మన కళ్లలోకే వస్తుంది. అలాస్కాలో వాడే డబ్బా ఏడెనిమిది మీటర్ల దూరం చిమ్మేలా వేరేగా తయారవుతుంది. మంట వేసుకుంటే జంతువులు రావని చాలామంది నమ్ముతారు. అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం కూడా నేరమే, ఎండాకాలంలో ఎండుటాకుల మధ్య ఏ నిప్పూ సురక్షితం కాదు.

ప్రయాణానికి ముందు సంబంధిత అటవీ డివిజన్ కార్యాలయానికి వెళ్లి, ఎక్కడ నీటిలో దిగుతారో, ఎక్కడ బస చేస్తారో, ఎంతమందో కాగితం మీద రాసి అనుమతి అడగండి. అభయారణ్యంలోకి పర్యటన కోసం వెళ్లడానికి అనుమతి ఇచ్చే వీలు 28వ సెక్షన్ కింద ఉంది. వంటకు కత్తి తీసుకెళుతుంటే ఆ దరఖాస్తులోనే రాయండి. అనుమతి రాకపోతే ఆ భాగాన్ని వదిలేయండి. లక్నవరంలోనో, ఊళ్లకు దగ్గరగా ఉన్న గోదావరి పాయల్లోనో పగటిపూట తెడ్డు వేసి సాయంత్రానికి ఒడ్డు చేరే ప్రయాణాలు ఎన్నో ఉన్నాయి. ప్రాణహిత విషయంలో మాత్రం ఇప్పుడు నేను రాత్రి బస అనే మాటే ఎత్తను. పులులూ ఏనుగూ దాటుతున్న ఆ నది మీద పొద్దు వాలకముందే చెన్నూరు వైపు ఒడ్డెక్కి ఊరు చేరేలా ప్రయాణం వేసుకోమనే అడిగినవారందరికీ చెబుతున్నాను.